తిరిగే పడవను తిన్నగా నడిపే విద్య

రాయచోటి నుంచి కువైట్ వెళ్లినవాళ్లు సెలవు మీద ఊరికి వస్తే స్నేహితులంతా కలిసి ఎక్కడికైనా పోదామనుకోవడం మామూలే. అందరి నోటా ముందు వచ్చే పేర్లు గోవా, ఊటీ. మా గుంపును నేను పట్టుబట్టి ఒప్పించింది సంగమేశ్వరానికి. కార్తీక మాసంలో, శ్రీశైలం జలాశయం వెనక నీళ్లు నిండుగా ఉన్న రోజుల్లో వెళ్లాం. మోటారు బోటెక్కి ఒక చుట్టు చుట్టి రావడానికి కాదు, అక్కడ చేపలు పట్టుకుని బతికే అన్నల దగ్గర పుట్టి నడపడం నేర్చుకోవడానికి. మాలో అంతకుముందు తెడ్డు ముట్టినవాడు ఒక్కడూ లేడు. ఈత వచ్చినవాళ్లు కూడా చేల బావుల్లో నేర్చుకున్నవాళ్లే. సీమలో పుట్టిన ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా చేతపట్టి చూడాల్సిన విద్య ఇదని ఇప్పుడు నా గట్టి నమ్మకం.

రాయచోటిలో మాండవ్య ఏటి ఒడ్డున పెరిగిన మాకు ఏరు అంటే ముందు ఇసుక, తర్వాతే నీళ్లు. వాన పడితే నాలుగు రోజులు ఉరవడిగా పారుతుంది, ఆపైన మళ్లీ ఇసుకే. చెయ్యేరు, పాపాఘ్ని, పెన్న, హంద్రీ అన్నిటిదీ ఇంచుమించు ఇదే తీరు. ఇలాంటి ఏళ్లకు లోతైన అడుగున్న కొయ్య పడవ పనికిరాదు. నీళ్లు తగ్గగానే ఇసుకలో దిగబడుతుంది, ఎండాకాలమంతా ఒడ్డున ఎండి నెర్రెలిస్తుంది. ఇక్కడికి కావాల్సింది జానెడు నీళ్లలో తేలే పడవ. రాయి తగిలితే పగలకుండా కాస్త వంగాలి. పనైపోయాక ఒక మనిషి వీపున వేసుకుని ఇంటికి మోసుకుపోగలగాలి. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లిన పుట్టి ఈ మూడూ చేస్తుంది. తుంగభద్ర వెంబడి ఊళ్లలో దాన్నే అరిగోలు అని కూడా అంటారు.

దీని వయసు తక్కువేమీ కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్, ఆనెగొంది దగ్గర జనం తుంగభద్రను గుండ్రటి బుట్టల్లో దాటడం చూసి రాసిపెట్టాడు. లోపల అల్లిక, బయట తోలు, ఒక్కోదాంట్లో పదిహేను ఇరవై మంది, అవసరమైతే గుర్రాలూ ఎద్దులూ కూడా. అవి తిన్నగా పోలేవని, ఎప్పుడూ తిరుగుతూనే పోతాయని కూడా గమనించాడు. 1803లో మరాఠాలతో యుద్ధానికి దిగిన బ్రిటిష్ సేనాని ఆర్థర్ వెల్లెస్లీ, వానాకాలంలో తన సైన్యాన్ని దక్కన్ నదులు దాటించడానికి ఇలాంటి పుట్టీలనే నమ్ముకున్నాడు. టైగ్రిస్ నది మీద ఇరాకీలు గుఫ్ఫా అనే గుండ్రటి పడవకు తారు పూసి వాడేవారు. బ్రిటన్‌లోని వేల్స్ నదుల్లో ఒంటి మనిషి పట్టేంత చిన్న పుట్టిలో చేపలు పట్టేవారు. ఒకరినొకరు చూడని జనం కూడా నిలకడలేని నదుల మీద ఇలాంటి పడవనే చేసుకున్నారు.

అల్లిక నడిమధ్య నుంచి మొదలవుతుంది. చీల్చిన వెదురు బద్దలను అడ్డంగా నిలువుగా పరిచి, ఒకదాని కింద ఒకటి దూర్చుకుంటూ చాపలా అల్లుతారు. అడుగు కావాల్సినంత వెడల్పు వచ్చాక కొనలను పైకి వంచి, గోడ లేపి, అంచుకు మందంగా బద్దల కట్ట బిగిస్తారు. బలమంతా ఆ అంచుదే. అది వదులైతే పుట్టి ఆకారమే చెడుతుంది. పూర్వం బయట గేదె తోలు కుట్టేవారు. తోలు నీళ్లలో నాని బరువెక్కేది కాబట్టి వాడిన ప్రతిసారీ ఎండలో ఆరబెట్టక తప్పేది కాదు. ఇప్పుడు తోలు స్థానంలో ప్లాస్టిక్ పట్టా, దాని మీద తారు. చాలాచోట్ల ఫైబర్ పుట్టీలే వచ్చేశాయి. వాటికి చిల్లుల బెడద తక్కువే కానీ, అల్లిక తెలిసిన చేతులకు పని కూడా తగ్గిపోయింది.

నేర్చుకోవడం ఎక్కడంతోనే మొదలవుతుంది. ఒకరు మోకాలి లోతు నీళ్లలో నిలబడి అంచు పట్టుకుంటారు. ఎక్కేవాడు అంచు మీద కాలు పెట్టకూడదు, పెడితే పుట్టి అటే ఒరుగుతుంది. నడుము వంచి, అడుగు నేరుగా మధ్యలో వేసి, వెంటనే కూర్చోవాలి. తర్వాతివాడు మొదటివాడికి ఎదురుగా కూర్చోవాలి. ఇలా ఎదురెదురుగా బరువు సరిపోయేట్టు నింపుకుంటూ వస్తారు. లోపల ఎవరూ నిలబడరు. ఫొటో కోసం నలుగురు ఒకే వైపుకు వాలితే అంచు నీటిమట్టానికి దిగిపోతుంది. అందుకే మాకు నేర్పిన పెద్దాయన బయల్దేరేముందే లైఫ్ జాకెట్లు తొడిగించి, ఫోన్లన్నీ ఒక సంచిలో వేయించి మూతి కట్టేశాడు.

అసలు విద్య తెడ్డులో ఉంది. మామూలు పడవ నడిపేవాడు పక్కన తెడ్డు వేసి నీళ్లను వెనక్కి తోస్తాడు, పొడుగాటి పడవ కాబట్టి ముందుకు పోతుంది. పుట్టికి ముందూ లేదు, వెనకా లేదు, అడుగున వెన్నుదూలం లేదు. పక్కన తెడ్డు వేసి ఎంత బలంగా తోస్తే అది అంత జోరుగా ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. కొత్తవాళ్లం అందరం చేసేది అదే. పెద్దాయన మా చేతుల వైపు చూసి ఒకే మాట చెప్పాడు: "తోయగాకండన్నా, ముందర నీళ్లు ఒళ్లోకి లాక్కోండి." పోవాల్సిన దిక్కుకు మొహం పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, తెడ్డును చాచినంత దూరం ఎదురుగా ముంచి తన వైపుకు లాగాలి. ఎద్దు ముందుండి లాగితే బండి వెనకే తిన్నగా వచ్చినట్టు, లాగిన చోటికి పుట్టి వస్తుంది.

లాగిన తెడ్డును అంచుదాకా తెచ్చి ఆపకూడదు. నీళ్లలోంచి తీయకుండానే రెక్కను పక్కకు తిప్పి, ఎదురుగానే కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి ఎనిమిది అంకె వేసినట్టు కదుపుతూ పోవాలి. కుడి లాగుడు పుట్టిని ఒకవైపు తిప్పబోతే ఎడమ లాగుడు దాన్ని సరిచేస్తుంది. చేయి తిరిగినవాడి పుట్టి అటు కాస్త ఇటు కాస్త ఊగుతూనే తిన్నగా పోతుంది. ఇందులో భుజబలం పెద్దగా అక్కర్లేదు. జిమ్‌లో కండలు పెంచినవాడికంటే మణికట్టు మెత్తగా తిప్పగలిగినవాడే ముందు నేర్చుకుంటాడు.

ఇద్దరు తెడ్లు వేస్తే ఇంకో పాఠం ఉంది. ఇద్దరి లాగుడూ ఒకే క్షణంలో, ఒకే లోతులో పడాలి. ఒకడు తొందరపడితే పుట్టి వాడి మాట వినదు, రెండోవాడి మాటా వినదు. అందుకే ఒకరు "హైలెస్సా" అని లయ కడతారు, మిగతావాళ్లు అందుకుంటారు. తెడ్డు లేనివాళ్లకూ పని ఉంటుంది. పుట్టి ఒరిగిన వైపు నుంచి కాస్త జరగాలి, లోపలికి చేరిన నీళ్లను డబ్బాతో తోడాలి, ఎదురుగా నీళ్లలో మొద్దో రాయో కనబడితే కేకేసి చెప్పాలి. ఊరికే కూర్చుని వచ్చే ప్రయాణికుడికి పుట్టిలో చోటు లేదు. ఏళ్ల తరబడి వాట్సాప్ గ్రూపులో మాత్రమే కలిసే స్నేహితులకు ఇంతకంటే మంచి సెలవు నేను ఊహించలేను. బరువు పంచుకోకపోతే ఏమవుతుందో అక్కడ మాటల్లో చెప్పనక్కర్లేదు.

పారే నీటిలో ఏరు దాటడానికి మరో ఉపాయం ఉంది. ఎదురొడ్డున దిగాల్సిన రేవుకు నేరుగా గురిపెడితే ప్రవాహం కిందికి ఈడ్చుకుపోతుంది. అందుకే పుట్టిని వీపున వేసుకుని ఒడ్డు వెంబడి పైకి నడిచి, అక్కడ నీళ్లలో దించుతారు. ప్రవాహంతో కొట్లాడకుండా దాంతోపాటే కిందికి జారుతూ, అడ్డంగా మాత్రమే లాగుతారు. అవతలి ఒడ్డు తగిలేసరికి సరిగ్గా రేవు దగ్గరుంటారు. ఎంత పైనుంచి దిగాలన్నది ఆ రోజు ఉరవడిని చూసి కన్ను చెప్పాలి. లోతు తక్కువున్న చోట తెడ్డు పక్కనపెట్టి వెదురు గడతో నేలను తన్నుతారు.

జలాశయంలో ప్రవాహం ఉండదు, అక్కడ గాలితోనే పేచీ. తేలికైన పుట్టిని గాలి ఎటు కావాలంటే అటు నెట్టేస్తుంది. చేపలవాళ్లు తెల్లవారకముందే వలల దగ్గరికి పోయి, ఎండ ముదిరి గాలి లేచేలోపు ఒడ్డు చేరుకునేది అందుకే. ఆషాఢపు గాలుల్లో కొత్తవాళ్లను ఎవరూ ఎక్కించుకోరు. సంగమేశ్వరంలో నీళ్లు నిండినప్పుడు సంగమేశ్వరుడి గుడి కూడా మునిగి ఉంటుంది. నీళ్లు తగ్గేకొద్దీ పాత ఊళ్ల గోడలు, చెట్ల మొద్దులు అడుగుకు తగిలేంత పైకి వస్తాయి. ఆ నేల తెలిసినవాళ్లు వెంట లేకుండా కొత్తవాళ్లు ఒక్క తెడ్డు కూడా వేయకూడదు.

ఇప్పుడు వంతెనలున్నాయి, మోటారు బోట్లున్నాయి, ఇంకా పుట్టి దేనికని అడిగేవాళ్లుంటారు. సీమ ఇదివరకటిలా లేదు, అదీ నా జవాబు. రాయచోటికి దగ్గర్లోనే పాపాఘ్ని మీద వెలిగల్లు ప్రాజెక్టు ఉంది. గండికోట జలాశయంలో 26.85 టీఎంసీలు నిలబెట్టుకోవచ్చు. సోమశిల వెనక నీళ్లు కడప జిల్లా పల్లెల దాకా వచ్చాయి. నీళ్లు మన గడప దాకా వచ్చినా నీళ్లతో మెలిగే తెలివి మనకు ఇంకా రాలేదు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి ఒడ్డు ఊళ్లను ముంచింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగి పదుల ప్రాణాలు పోయాయి. వరదను పుట్టి ఆపలేదు. కానీ బరువు ఎక్కడుండాలో, నీళ్లు ఎటు లాగుతాయో, ఎప్పుడు దిగకూడదో చిన్నప్పుడే ఒంటికి పట్టినవాడు నీళ్ల దగ్గర గుడ్డి ధైర్యానికీ పోడు, కాళ్లూ చేతులూ ఆడక నిలబడిపోడు.

ఆ తెలివి ఇవాళ బెస్తల ఇళ్లలో, వలస వచ్చి జలాశయాల ఒడ్డున గుడిసెలు వేసుకున్న చేపలవాళ్ల దగ్గర ఉంది. వాళ్ల పిల్లలు వేరే పనులకు పోతున్నారు. మనం చూసేవాళ్లుగా కాక నేర్చుకునేవాళ్లుగా వెళ్తే, వాళ్ల రోజు కూలి మనం ఇస్తే, ఆ విద్యకు మళ్లీ ఒక విలువ కుదురుతుంది. వెలిగల్లులోనూ గండికోటలోనూ ఈత నేర్చిన పిల్లలకు సెలవుల్లో పుట్టి నేర్పించే ఏర్పాటు చేయాలి. నేర్పేవాళ్లు ఆ ఒడ్డు మనుషులే కావాలి. అందాకా, ఈసారి కువైట్ నుంచి మీవాడు దిగినప్పుడు గోవా టిక్కెట్లు కొనేముందు ఒక్కసారి ఆలోచించండి. నలుగురిని కూడగట్టి, దగ్గర్లోని నీళ్ల ఒడ్డుకు వెళ్లి, అక్కడి పెద్దాయనను మర్యాదగా అడిగి తెడ్డు చేతపట్టండి.