వెంట్రుక మందంలో పనితనం

మారతహళ్లిలోని మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ఇరుకు. ముదురు నీలం రంగు కారు మాది. స్తంభానికి ఒరుసుకుని దాని వెనక డోరు మీద జానెడు పసుపు మరక అంటింది. ఆ పక్కనే బైకు హ్యాండిల్ గీసిన సన్నటి తెల్లగీత. పక్క ఫ్లాట్ పెద్దాయన అనంతపురంలో ముప్ఫై ఏళ్లు కార్లకు రంగులు వేసి, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నారు. ఒక ఆదివారం పొద్దున ఆయన ఆ డోరు ముందు పీట వేసుకుని కూర్చున్నారు.

ముందుగా డోరును షాంపూ నీళ్లతో కడిగారు. దుమ్ము రేణువు ఒక్కటి మిగిలినా గుడ్డ కింద అదే కొత్త గీతలు గీస్తుంది. కడగ్గానే తడిని మెత్తటి గుడ్డతో అద్దేశారు. మా బోరు నీళ్లు వాటంతటవే ఆరితే తెల్లటి చుక్కలు మిగులుతాయి.

తర్వాత గీతకు అడ్డంగా గోరు ఆడించారు. "తగులుకోలేదప్పా, పైనే ఉండాది" అన్నారు. దాని మీద ఒక నీటిచుక్క వేశారు. గీత మాయమైంది! నీళ్లు ఆరగానే మళ్లీ తేలింది.

ఆ చుక్క చెప్పింది అర్థం కావాలంటే డోరు మీద ఏమేం ఉన్నాయో తెలియాలి. ఉక్కు రేకుకు ముందు ఫాస్ఫేట్ పూత వేస్తారు. తర్వాత బాడీ మొత్తాన్ని రంగుతొట్టిలో ముంచి కరెంటు పంపిస్తారు. బ్రష్షు వెళ్లలేని సందుల్లోకి కూడా ఆ రంగు పాకి తుప్పును ఆపుతుంది. దాని మీద ప్రైమర్, ఆపైన మన కంటికి కనిపించే నీలం, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్. ఇన్ని పొరలూ కలిపితే సుమారు 100 నుంచి 130 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ 40 మైక్రాన్ల దాకా ఉంటుంది. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్లనుకుంటే, పనివాడి చేతిలో ఉన్నది అందులో దాదాపు సగమే.

గీత తెల్లగా కనిపించినా అక్కడ తెల్లరంగేమీ లేదు. పారదర్శకమైన పూతలో పడ్డ గాడి అంచులు వెలుగును చెల్లాచెదురు చేస్తాయి. నీళ్లు ఆ గాడిని నింపితే వెలుగు పెద్దగా చెదరకుండా లోపలి నీలం దాకా వెళ్లి వస్తుంది. కాబట్టి నీటికి మాయమైన గీత పాలిష్‌కు లొంగుతుంది.

పసుపు మరకతో మొదలుపెట్టారు. అది మన పెయింటుకు పడ్డ దెబ్బ కాదు, పైన అంటుకున్న పరాయి రంగు. టిన్నర్ జోలికి పోలేదు. కంపెనీ ఓవెన్‌లో కాలిన పూత దానికి తట్టుకున్నా, ఎప్పుడైనా బయట రీపెయింట్ చేయించిన డోరైతే పూత మెత్తబడిపోతుంది. జేసీ రోడ్డులో కొన్న రబ్బింగ్ కాంపౌండ్‌ను మైక్రోఫైబర్ గుడ్డకు శనగగింజంత రాసి రుద్దారు. రుద్దేకొద్దీ పసుపు గుడ్డకెక్కింది.

గీత దగ్గర చేతివాటం మారింది. గీత ఒక కొనన కాస్త లోతుగా ఉంది. 2000 నంబరు వాటర్ పేపర్‌ను బకెట్‌లో నానబెట్టి, చిన్న రబ్బరు ముక్కకు చుట్టి, ఆ కొన మీద నాలుగైదు సార్లు ఆడించారంతే. డోరు మధ్య పొడుచుకొచ్చిన మడత మీద ముందే మాస్కింగ్ టేప్ అంటించారు. ఒత్తిడంతా అలాంటి అంచుల మీదే పడి, అక్కడ పూత ఇట్టే అరిగిపోతుంది. పేపర్ ఆడిన చోట మెరుపు పోయి బూడిద పట్టినట్టయింది. నాకు గుండె ఝల్లుమంది. ఆయన మాత్రం కాంపౌండ్ అందుకున్నారు.

అందులో ఉండేది అల్యూమినియం ఆక్సైడ్ లాంటి గట్టి పొడి. మంచి రకంలో ఆ రేణువులు రుద్దేకొద్దీ నలిగి ఇంకా సన్నబడతాయి. మొదట కోసిన పొడే చివరకు మెరుగుపెడుతుంది. ఆయన వేళ్లు కూడా అలాగే నడిచాయి. మొదట గట్టిగా, ఆపైన తేలిగ్గా, చివర గుడ్డ బరువు తప్ప మరేమీ లేనట్టుగా. నాకు నచ్చిన తెలివి ఇక్కడుంది. గీతను ఎవరూ పూడ్చడం లేదు. దాని చుట్టూ ఉన్న పూతను రవ్వంత దించి, పదునైన గాడి అంచులను నునుపు చేస్తున్నారు. గాడి అడుగుదాకా దిగనక్కర్లేదు, అంచు మొద్దుబారితే చాలు, వెలుగు చెదరదు.

చక్రం పైన రాయి తగిలి బూడిదరంగు ప్రైమర్ బయటపడ్డ చుక్కను మాత్రం ఆయన పాలిష్ చేయలేదు. అక్కడ లేని రంగును రుద్ది తేలేం. తలుపు చట్రం మీది స్టిక్కర్‌లో కలర్ కోడ్ చూసి టచప్ పెయింట్ తెచ్చుకోమన్నారు. దాన్ని పుల్ల మొనతో పలచగా, ఆరాక మరోసారి, ఇలా రెండు మూడు దఫాలు పెట్టాలట. ఆరితే రంగు కుంగుతుంది, ఒక్కసారే నింపితే గుంట మిగులుతుంది.

చివరగా ఫోన్ టార్చ్‌ను వాలుగా పట్టి చూశారు. కొనన వెంట్రుకంత జాడ ఇంకా ఉంది. ఇంకొక్కసారి రుద్దమన్నాను.

"ఇంగ చాలప్పా. రేపు ఇంగో గీత పడితే దానికీ రవంత మిగలాల."

మైనం పూసి, వాడిన గుడ్డ విప్పి నాకు చూపించారు. పాత అంబాసిడర్‌కు పాలిష్ పెడితే గుడ్డంతా కారు రంగే అయ్యేదట, వాటికి పైన క్లియర్ కోట్ ఉండేది కాదు. ఈ గుడ్డ మీద కాంపౌండ్ తెలుపుంది, స్తంభం పసుపుంది. నీలం ఒక్క చుక్క కూడా లేదు.