‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’: ఘట్టాల క్రమం, వర్గ దృక్పథం

హాలీవుడ్ చిత్రాల విషయంలో మనలో రెండు వాదనలు చాలాకాలంగా వినబడుతున్నాయి. అది లాభాల కోసం నడిచే వ్యాపారం గనుక అందులో కష్టజీవికి చోటుండదని కొందరంటారు. కళకు వర్గంతో నిమిత్తం లేదనీ, మంచి చిత్రం ఎవరు తీసినా మంచి చిత్రమేననీ మరికొందరంటారు. జాన్ ఫోర్డ్ దర్శకత్వాన 1940లో వెలువడిన ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ను నేను ఈమధ్యనే తొలిసారి చూశాను. ఆ చిత్రం ముందు ఈ రెండు వాదనలూ నిలవవని నా అభిప్రాయం. అందులో నిజం వుంది. ఆ నిజం హద్దు దాటకుండా వేసిన కంచె కూడా వుంది. ఏది నిజమో, ఏది కంచో వేరుచేసి చూపటమే విమర్శకుని పని.

జాన్ స్టైన్‌బెక్ నవల 1939లో అచ్చయింది. ఏడాది తిరక్కముందే ట్వెంటియత్ సెంచురీ ఫాక్స్ సంస్థ దాన్ని తెరకెక్కించింది. నిర్మాత డారిల్ జానక్, చిత్రరచన నన్నలీ జాన్సన్. ఓక్లహోమాలో కౌలు సేద్యం చేసుకునే జోడ్ కుటుంబం భూమి కోల్పోయి, పాత మోటారు బండిలో 66వ నంబరు రహదారి వెంట కాలిఫోర్నియాకు వలసపోతుంది. ఎనిమిది వందల మంది కూలీలు కావాలని కరపత్రం చెప్పింది. అటువంటి కరపత్రాలు వేలకొద్దీ అచ్చువేసి పంచటంలోని రహస్యం వారికి దారిలో గాని తెలియదు. పనికన్నా మనుషులు ఎక్కువైతే కూలి దానంతట అదే పడిపోతుంది.

చిత్రంలో మొదటి భాగం నిజంగా గొప్పది. మ్యూలీ అనే రైతు తన ఇల్లు ఎలా కూలిందో చెప్పే ఘట్టాన్నే తీసుకుందాం. భూమి ఖాళీ చేయమని వచ్చినవాడు తప్పు తనది కాదు, కంపెనీది అంటాడు. కంపెనీ వెనుక టల్సా పట్టణంలోని బ్యాంకు వుంది. బ్యాంకు మేనేజరుకు తూర్పు ప్రాంతం నుంచి ఉత్తరువులు వస్తాయి. తుపాకి ఎవరి మీద ఎక్కుపెట్టాలో రైతుకు అంతుబట్టదు. చివరకు ఇల్లు కూల్చటానికి ట్రాక్టరు నడిపి వచ్చినవాడు పొరుగు రైతు కొడుకే! రోజుకు మూడు డాలర్ల కోసం, తన బిడ్డల కోసం వచ్చాడు. ఇల్లు నేలమట్టమైన తరువాత ట్రాక్టరు పట్టాల గుర్తుల మీద ఆ కుటుంబం నీడలు పడి వుంటాయి. ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలండ్ చూపించిన ఆ నేల, ఆ నీడలు ఒక ఉపన్యాసం చేయలేని పని చేశాయి. 1939లోనే వచ్చిన మన ‘రైతుబిడ్డ’లో గూడవల్లి రామబ్రహ్మం చూపిన జమీందారీ దోపిడీకి మనిషి రూపం వుంది, రైతు దాన్ని గుర్తుపట్టగలడు. ఇక్కడ దోపిడీకి ముఖమే లేదు. ద్రవ్య పెట్టుబడి స్వభావాన్ని ఇంత సులభంగా బోధించిన ఘట్టం నేను తెర మీద మరొకటి చూడలేదు.

అలాగే తల్లి జోడ్ ఇల్లు విడిచే ముందు పాత ఉత్తరాలు పొయ్యిలో వేసి, వయసులో పెట్టుకున్న చెవిపోగులు అద్దంలో చూసుకునే ఘట్టం. ఒక్క మాట లేదు. ఆ పాత్ర ధరించిన జేన్ డార్వెల్‌కు ఆస్కార్ బహుమతి రావటం న్యాయమే.

ఇక కంచె సంగతి. నవలలో జోడ్ కుటుంబం ముందు ప్రభుత్వ శిబిరానికి చేరుతుంది. అక్కడ నీటి కుళాయిలున్నాయి, నివాసులు ఎన్నుకున్న సంఘాలున్నాయి, పోలీసులు ఇష్టం వచ్చినట్టు లోపలికి రాలేరు. అన్నీ వున్నాయి గాని పని లేదు. ఆకలి తరిమితే వారు శిబిరం వదిలి పీచ్ పండ్ల తోటకు వెళతారు. సమ్మెను విరగ్గొట్టటానికే తమను తెచ్చారని అక్కడ తెలుస్తుంది. పెట్టెకు ఐదు సెంట్లిచ్చేవారు సమ్మె విరగగానే రెండున్నర సెంట్లే ఇస్తారు. సమ్మె నాయకుడైన మాజీ ప్రచారకుడు కేసీ హతమవుతాడు. చిత్రం ఈ వరుసను తిరగేసింది. ముందు తోట, సమ్మె, హత్య, తరువాత శిబిరం. నవలలో శిబిరం దారిలో ఒక మజిలీ. చిత్రంలో అది గమ్యమయింది. సంఘటనలు అవే, మాటలు చాలావరకు అవే. కాని నవల సంస్కరణ చాలదంటే, చిత్రం సంస్కరణే శరణ్యమంటుంది. ఒక్క వాక్యం దిద్దకుండా, ఘట్టాల క్రమం మార్చి రచన దృక్పథాన్నే మార్చవచ్చునని దీనివల్ల తేలుతున్నది.

ముగింపూ అంతే. వరదలో, ఒక కొట్టంలో, బిడ్డను పోగొట్టుకున్న యువతి ఆకలితో చనిపోబోతున్న అపరిచితునికి చనుబాలివ్వటంతో నవల ముగుస్తుంది. చిత్రం మాత్రం, ప్రజలమైన మాకు చావు లేదన్న అర్థం వచ్చే తల్లి మాటలతో ముగుస్తుంది. ఆ మాటలకు మూలం నవలలోనే వుంది. కాని అక్కడ అవి నడిమి అధ్యాయంలోవి. అయినా ఒక విషయం గమనించాలి. తల్లి ఆ మాటలనేటప్పుడు బండి వెళుతున్నది ఫ్రెస్నోలో పత్తి తీతకు. అక్కడ ఇరవై రోజుల పని వుందట. వుంటే వుండవచ్చు, ఒక్క రోజు పనీ లేకపోవచ్చు అని ఆమే అంటుంది. చిత్రం ఎంత ఆశ చెప్పబోయినా, ఈ ఇరవై రోజుల లెక్క దాన్ని లోపలినుంచి కొరుకుతూనే వుంది.

ఈ మార్పులన్నీ కేవలం దర్శకుని బలహీనత అనుకుంటే పొరపాటు. కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీ పాలకమండలి 1939లో ఈ నవలను తమ గ్రంథాలయాల్లోనూ పాఠశాలల్లోనూ నిషేధించింది. నవలలోని శిబిరానికి నమూనా అయిన ఆర్విన్ శిబిరం వున్నది ఆ కౌంటీలోనే! పెద్ద భూస్వాముల ఆగ్రహానికి జడిసి, ‘హైవే 66’ అనే మారుపేరుతో చిత్రీకరణ సాగించారు. అటువంటి ఒత్తిడిలో మ్యూలీ ఘట్టం బతికి బయటపడటమే విశేషం.

మరొక లోపం నవలకూ చిత్రానికీ ఉమ్మడిది. జోడ్ కుటుంబం రాకముందు ఆ పొలాల్లో చెమటోడ్చినవారు అధికంగా మెక్సికన్లు, ఫిలిప్పినోలు. 1933లో శాన్ వాకీన్ లోయలో జరిగిన పెద్ద పత్తి సమ్మెలో అధిక సంఖ్యాకులు మెక్సికన్ కూలీలే. వారు తెర మీద కనిపించరు. తెల్ల రైతు కష్టానికి కరిగిన ప్రేక్షకుడు వీరి కష్టానికీ కరిగేవాడా అన్న ప్రశ్న అలా దాటిపోయింది.

ఈ చిత్రాన్ని మన విద్యార్థులకు తప్పక చూపించాలి. చూపించి, నవలలోని ఘట్టాల వరుసనూ చిత్రంలోని వరుసనూ పక్కపక్కన రాయమనాలి. శిల్పం వేరు, దృక్పథం వేరని తరగతుల్లో మనం చెప్పే పాఠం ఎంత అసంపూర్ణమో వారే తేలుస్తారు. ఆ తరువాత, ఫ్రెస్నోలో ఇరవై రోజుల పని అయిపోయాక ఇరవైయొకటో రోజున జోడ్ కుటుంబం ఏం చేసి వుంటుందో వారినే అడగాలి. చిత్రం ఆగిపోయింది సరిగ్గా ఆ ప్రశ్న ముందే.