ఉప్పు గాలిలో పాత సెట్టు

నౌపడలో ఇనుప వస్తువు కొన్నవారికి ఉప్పు గాలి గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఉప్పు మడుల మీంచి వచ్చే ఆ గాలి తలుపు గడియకు, సైకిలు చైనుకు ఏం చేస్తుందో కళ్ల ముందే కనిపిస్తుంది. చెక్క పెట్టె రేడియోకి, టేప్ రికార్డరుకి, పెళ్లిలో వచ్చిన స్టీరియోకి కూడా అది అదే చేస్తుంది. కాకపోతే లోపల జరిగేది కంటికి ఆనదు, చెవికే తెలుస్తుంది. గుంయ్‌మనే రొద, నాబ్ తిప్పితే బరబర, పాట మధ్యలో చిటపట.

ఈ తీరంలో పాత సెట్టు మోత చేస్తోందంటే ఎక్కువసార్లు చెడింది పార్టు కాదు, అతుకు. అందుకే కొత్త పార్టు కొనేముందు అతుకులు తుడవాలంటాను. శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు పీల్చి కరగడం మొదలుపెడుతుంది. ముడి ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది కాబట్టి అది ఇంకా ముందే చెమ్మగిల్లుతుంది. సముద్రం ఒడ్డున అంత తేమ వింతేమీ కాదు. స్విచ్చు కొసల మీద, పిన్నుల మీద పేరుకున్న సన్నని పొర రాత్రి తడిసి పగలు ఆరుతూ ఉంటే రాగికి పచ్చగా చిలుమెక్కుతుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపానుల్లో తడిసిన సెట్టును ఎండలో పెడితే నీరు ఆరుతుంది, లోపలి ఉప్పు మాత్రం అక్కడే ఉంటుంది.

ముందుగా చెయ్యాల్సింది వినడం. పాట ఆపి స్పీకరు దగ్గర చెవి పెట్టి వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. దాంతోపాటు రొద కూడా తగ్గిపోతే లోపం వాల్యూమ్ కంట్రోలుకు ముందు ఉన్నట్టు. అంటే టేపు హెడ్డు, రికార్డు ప్లేయరు, అక్కణ్నుంచి వచ్చే షీల్డు వైరు. సున్నాకి తెచ్చినా రొద కదలకుండా ఉంటే కంట్రోలు దాటాక వెతకాలి, ముఖ్యంగా పవర్ సప్లైలో. నిమిషం పట్టని ఈ పరీక్ష చేయకుండానే "ఐసీ పోయిందండి" అనేస్తారు. 4440 ఐసీ వేసి ఊళ్లోనే కట్టిన మంచి ఆంప్లిఫయర్లు ఆ ఒక్క మాటతో పాత సామాన్ల బండెక్కడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

రొదలోనూ రెండు రకాలున్నాయి. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. లోతుగా వినిపించే 50 మోత సాధారణంగా వైరు నుంచో ఎర్తు నుంచో వస్తుంది. నాలుగు డయోడ్లు దాటి డీసీ అయ్యే చోట మిగిలే అల 100. దాన్ని చదును చేయాల్సిన పెద్ద కండెన్సరు లోపలి ద్రవం ఏళ్ల వేడికి ఆరిపోతే ఆ 100 నేరుగా స్పీకరులోకి వచ్చేస్తుంది. పాటకు వేసిన శ్రుతి పెట్టె పక్కనే మరో శ్రుతి పెట్టె తప్పు శ్రుతిలో మోగుతున్నట్టుంటుంది. 1919లో విజయనగరంలో పెట్టిన మహారాజా సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాలు, ఆ తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు. అలాంటివారి సంగీతం విన్న ప్రాంతం మనది. ద్వారం వారి వయొలిన్‌లో విల్లు తీగను వదిలే ఆ చివరి క్షణం ఈ రొదలో మునిగిపోతే ఊరుకోబుద్ధి కాదు.

కండెన్సరు మార్చేటప్పుడు వోల్టేజి పాతదానికి తగ్గకూడదు, ప్లస్ మైనస్ తారుమారు కాకూడదు. 105 డిగ్రీలు అని రాసి ఉన్నది అడిగి తీసుకోండి. వాల్వు రేడియోలో ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా 200 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. అది తెలిసినవారి పని, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఏళ్ల తరబడి అటక మీద ఉన్న సెట్టును దించగానే ప్లగ్గులో పెట్టేయకూడదు. ముందు మెకానిక్కు షాపులో ఉండే సీరీస్ బోర్డు మీద పెట్టి చూడాలి. అందులో కరెంటు 100 వాట్ల ఫిలమెంటు బల్బు గుండా సెట్టుకు వెళుతుంది. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే పర్వాలేదు. భగ్గున వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉంది. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు.

బరబర సంగతికి వద్దాం. వాల్యూమ్ కంట్రోలు వెనక రేకు డబ్బీకి, మూడు కాళ్లకు మధ్య సన్నని సందు ఉంటుంది. ప్లగ్గు తీసి, ఆ సందులో కాంటాక్ట్ క్లీనరు ఒక్క పిచికారీ కొట్టి, నాబ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు పాతికసార్లు తిప్పాలి. లోపల నల్లటి కార్బన్ పట్టీ మీద చిన్న రేకు జారుతుంటుంది. దాని దారిలోని మురికి అలా పక్కకు పోతుంది. కాసేపు ఆరనిచ్చాకే కరెంటు ఇవ్వాలి. కొబ్బరి నూనె మాత్రం వద్దు. నూనెకు దుమ్ము, దుమ్ముకు ఉప్పు పట్టుకుని మళ్లీ మొదటికొస్తుంది. పాట వైర్ల పిన్నులను కూడా తీసి, ఇలాగే క్లీనరుతో తుడిచి పెట్టండి.

సెట్టు తప్పు కాని మోతలూ ఉంటాయి. ఫ్యాను ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు, నాసిరకం ఎల్‌ఈడీ బల్బు, ఫోను చార్జరు మీడియం వేవ్‌ను పాడుచేస్తాయి. ఒక్కొక్కటీ ఆపి చూస్తే దొంగ దొరుకుతాడు. పైగా పర్లాకిమిడి, గుణుపురం లైను చీలే జంక్షన్ మన నౌపడ. రైలింజను పైన 25 వేల వోల్టుల తీగకు, పాంటోగ్రాఫ్‌కు మధ్య రేగే నిప్పురవ్వ కూడా రేడియోలో చిటపటమంటుంది. రైలుతో వచ్చి రైలుతో పోయే చప్పుడుకు సెట్టు విప్పకండి.

ఒక పని మాత్రం ఎవరు చేసినా తప్పే. ఆంప్లిఫయరును టీవీకి కలిపినప్పుడు రెండు వైపుల నుంచీ ఎర్తు అందితే గుంయ్‌మంటుంది. రొద పోవాలని మూడో పిన్ను విరిచేస్తారు. రొద పోతుంది, దాంతోపాటు ప్రాణానికి ఉన్న కాపలా కూడా పోతుంది. రెండింటినీ ఒకే ప్లగ్గు బోర్డులో పెడితే చాలాసార్లు ఆ రొద తగ్గుతుంది. తగ్గకపోతే వైరు మార్చండి, పిన్ను జోలికి వెళ్లకండి. ఆ పిన్ను కాపలా కాయాలంటే ఎర్తు బాగుండాలి. పెరట్లోని ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు వేసేది నేల చెమ్మగా ఉండాలని. ఆ ఉప్పే లోపలి ఇనుప పైపును తినేస్తుంది కూడా. ఎండాకాలంలో గుంతలో బిందెడు నీళ్లు పోయించండి. పైపు, వైరు అతుకు బాగున్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి. సెట్టు విప్పడం ఆ తర్వాతే.