రాత్రి బడి నడిపేవాళ్లు

పిల్లల బడిలో పంతులు బెత్తం పట్టుకోవచ్చు. వయోజనుల బడిలో పంతులే బతిమాలాలి. నాట్లు వేసి, పొయ్యి రాజేసి, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చిన అత్తకు ఆవలింత వస్తే కోప్పడే హక్కు వాలంటీరుకు లేదు.

1991లో నెల్లూరు జిల్లాలో 'అక్షర దీపం' అనే అక్షరాస్యతా కార్యక్రమం నడిచినప్పుడు ఊరూరా రాత్రి బడులను నిలబెట్టింది ఇలాంటి వాలంటీర్లే. జీతం లేదు. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం పద్ధతే అది. మూడు వాచకాలు, సుమారు రెండు వందల గంటల చదువు. కాగితం మీద తేలికే. కానీ "ఈ వయసులో నాకెందుకు నాయనా" అన్న మనిషిని రేపు కూడా రప్పించడం ఉంది చూశారూ, అసలు పనితనం అక్కడే.

కొడవలి పట్టిన చేతికి బలపం చిన్నదైపోతుంది. గట్టిగా నొక్కితే పుటుక్కున విరుగుతుంది. అనుభవమున్న వాలంటీరు నవ్వడు, ఇంకో ముక్క అందిస్తాడు. ముందు నేర్చుకునే మనిషి పేరే రాయిస్తాడు. ఆ పేరులో ఒత్తు ఉందంటే ఇద్దరికీ తిప్పలే! ఇంకో చిక్కు: కోడలు ముందే నేర్చేసుకుంటే అత్త మర్నాడు రాదు. అందుకే తప్పులు దిద్దడం చెవి దగ్గర, మెచ్చుకోవడం అందరి ముందు.

ఆ జిల్లాలోనే, ఆ రోజుల్లోనే దూబగుంట అనే ఊరి ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. రాత్రి బడి వాచకంలో సారా గురించిన పాఠమే నిప్పు రాజేసిందంటారు. నాకైతే పాఠంతో పాటు, రోజూ పదిమంది ఒకచోట కూర్చునేలా చూసినవాళ్లకూ అందులో వాటా ఉందనిపిస్తుంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.