చెవితో వేసే గేరు

బిలాస్‌పూర్ దగ్గరి ఉస్లాపూర్ స్టేషను దారిలో పొద్దున్నే బరువేసుకుని వచ్చే స్ప్లెండర్ బళ్లను ఒకసారి వినండి. అవును, చూడమనడం లేదు, వినమంటున్నాను. మామూలు స్ప్లెండర్‌కు నాలుగే గేర్లు, ఆర్‌పీఎం మీటరు ఉండదు. ఆ 97.2 సీసీ ఇంజను లాగుడు నిమిషానికి 6000 చుట్ల దగ్గర గట్టిగా ఉంటుందన్న లెక్క నడిపేవాడికి తెలియకపోవచ్చు. అతని చెవికి తెలుసు.

ఇంజను దడదడమని వణికితే గేరు ఎక్కువైంది. గొంతు చించుకుంటే తక్కువైంది. ఎత్తు వస్తుంటే బండి నీరసించాక కాదు, ముందే గేరు తగ్గించాలి. క్లచ్ పట్టి, రవ్వంత యాక్సిలరేటర్ ఇచ్చి వదిలితే వెనక చక్రం కుదుపు లేకుండా అందుకుంటుంది. వెనక కూర్చున్న మనిషికి గేరు మారినట్టే తెలియదు. ఎంత చక్కని పనితనం!

వెయ్యి మీటర్లు దాటిన అమర్‌కంటక్ కొండదారిలో ఆ నేర్పు నిగ్గు తేలుతుంది. దిగేటప్పుడు మరీను. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో జారవిడిస్తే భారమంతా బ్రేకుల మీద పడి అవి కాగిపోతాయి. దయచేసి ఎక్కిన గేరులోనే దిగండి.