ఇస్కందర్ మున్షీకి దండం

ఇస్కందర్ బేగ్, తుర్కమాన్ బిడ్డా! జమాఖర్చుల చిట్టాలలో నీ పడుచుదనం కొంత కరిగింది. కూడు పెట్టే విద్యే అది. కానీ నీ మనసు మాటల మీద ఉంది. అంకెలు వదిలి ఇరాన్ ఏలిన సఫవీ రాజుల దివాణంలో మున్షీవయ్యావు. వజీరు హాతిం బేగ్ కొలువులో కూర్చుని రాజుగారి ఉత్తరాలు రాశావు. రాజు మాటనే తన మాటగా రాసి రాసి పండిన చేయి నీది. ఆ చేత్తోనే షా అబ్బాస్ చరిత్రకు పూనుకున్నావు.

పొగిడావు. కాదనను. కొలువు కూడు తిన్నవాడు పొగడక ఏం చేస్తాడు? కానీ ఎంత గడుసుగా పొగిడావయ్యా! అబ్బాస్ ఘనతలు ఏకరువు పెడుతూ అతని వేగుల సంగతీ చెప్పావు. ఇంట్లో, తనవాళ్ల మధ్య కూడా అనకూడని మాట అనడానికి జనం జంకేవారని, షా చెవిన పడుతుందని భయపడేవారని రాశావు. మెచ్చుకోలుగానే రాశావు. నాలుగు వందల ఏళ్ల తరువాత చదువుతుంటే మాకు వెన్ను జలదరిస్తోంది. నీకు తెలిసే చేశావా మున్షీ? తెలిసే చేశావనే నా నమ్మకం.

యుద్ధాలు, కోటలు, రాయబారాలు నీ పుటల నిండా ఉన్నాయి. హోర్ముజ్ పట్టుబడింది, బాగ్దాద్ లొంగింది. అవి ఎవరైనా రాసేవారు. నీకు దండం పెట్టేది అందుకు కాదు. అబ్బాస్ తాత షా తహ్మాస్ప్ నాటి వైద్యులకూ కవులకూ లేఖకులకూ చిత్రకారులకూ నీ పుస్తకంలో చోటిచ్చినందుకు. సాదికీ బేగ్ కుంచెను మెచ్చి, అతని కోపాన్ని దాచనందుకు. రెజా గీసిన ఒంటరి మనుషుల బొమ్మలకు మురిసి, వాడు పనిమాని పహిల్వానుల వెంట తిరుగుతున్నాడని ఇంటి పెద్దలా విసుక్కున్నందుకు. ఆ విసుగులో ఎంత ప్రేమ!

1576లో తహ్మాస్ప్ పోయిన వెంటనే అతని కొడుకు హైదర్ మీర్జాను అంతఃపురంలో నరికారు. ఆ కుర్రవాడికి చదువు చెప్పిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ తరువాత మన గోల్కొండ చేరి, కులీ కుతుబ్ షాకు పీష్వా అయ్యాడు. మీ ఊళ్లో కారిన నెత్తురుకూ మా చార్మినారు ఊరికీ అలా ఒక దారం ఉంది.

తన కొడుకు మీద అబ్బాస్‌కు అనుమానం పుట్టింది. 1615లో రష్త్‌లో సఫీ మీర్జాను చంపించాడు. మరుసటి ఏడే నీ గ్రంథం మొదటి భాగం ముగిసింది. కొడుకును చంపించిన తండ్రికి కొడుకు చావు కథ వినిపించాలి! అలాంటి కొలువులో కలం పట్టడమే సాహసం. నిన్ను పిరికివాడు అనేవాళ్లు ఆ కొలువులో ఒక్క పూట కూర్చుని చూడాలి.

1629లో మాజందరాన్‌లో అబ్బాస్ కన్నుమూశాడు. అప్పటికి నీకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. ఆ చావు దాకా రాసి పుస్తకం ముగించావు. గద్దె మీదకు వచ్చింది ఎవరు? హతుడైన సఫీ మీర్జా కొడుకే, తండ్రి పేరు పెట్టుకుని. నువ్వు మళ్లీ కలం అందుకుని ఆ షా సఫీ చరిత్ర మొదలుపెట్టావు. కొన్నేళ్లకే పోయావు.