జవాబుదారిని వెతికేవాళ్లు
2020లో తెరిచిన ఖమ్మం ఐటీ హబ్‌తో కోడ్ రాసేవాళ్లకు ఈ అడవి అంచు జిల్లాలోనూ ఒక చోటు దొరికింది. వాళ్ల పనుల్లో నాకు ఎక్కువ గౌరవం ‘నల్’ (‘ఇక్కడ ఏమీ లేదు’ అనే గుర్తు) పాయింటర్ తప్పును పట్టడం మీద.

1965లో టోనీ హోర్ ఆల్గాల్ డబ్ల్యూ భాషలో పెట్టిన ‘నల్’, వరుసగా నడిచే కోడ్‌లో తేలిగ్గానే చిక్కుతుంది. సందేశాలతోనే మాట్లాడుకునే ప్రోగ్రామ్ భాగాలైన యాక్టర్ల మధ్య అలా కాదు. ‘అక్కా’ అనే లైబ్రరీలో యాక్టర్ ఒక సందేశం అందుకుని, డేటాబేస్ పనిని ఫ్యూచర్‌కు (ఫలితాన్ని తర్వాత ఇచ్చేదానికి) అప్పగిస్తుంది. ఆ పని ముగిసేసరికి యాక్టర్ మరో సందేశంలో ఉండొచ్చు. అప్పుడు ‘సెండర్’ను, అంటే సందేశం పంపినవారిని, అడిగితే వేరొకరు రావచ్చు, ఎవరూ లేకపోవచ్చు కూడా. ఒక్కరే పరీక్షిస్తే ఈ తప్పు కనబడకపోవచ్చు. భద్రాచలం కల్యాణానికి వచ్చినట్టు జనం ఒక్కసారిగా పడితే బయటపడుతుంది. స్టాక్ ట్రేస్ పేలిన చోటు చూపుతుంది, సందేశం బయల్దేరిన చోటు చూపదు. అందుకే లాగ్‌లో ప్రతి సందేశానికీ గుర్తు వేసి, వరుస మళ్లీ పేర్చాలి. ఎంత ఓపిక! మందు మాత్రం ఒక్క లైను: ఫ్యూచర్ మొదలయ్యేలోపే సెండర్‌ను విడిగా భద్రపరచడం.